టర్బో మూతికి అద్దాల గుడ్డ

ఇటు జరగండి, ఇంకా దగ్గరికి. ఆ ఫ్యాను చప్పుడులో సగం మాటలు పోతే కథలో సగం న్యాయం కూడా పోతుంది. ఇది ఒక ఎర్రకారు కథ, ఒక గుడ్డపీలిక కథ, ఒక పెద్దమనిషి కథ. మూడింట్లో ఏది విలువైనదో చివర్లో మీరే చెబుదురుగాని. పెద్దమనిషిని మాత్రం ఇప్పటినుంచే మూడోదిగా పెట్టుకోండి, నష్టమేం లేదు.

ఆ పెద్దమనిషి పేరు వెంకటకృష్ణ. జూలూరుపాడులో లారీ ఓనర్ల సంఘానికి ప్రెసిడెంటు. కారేమో తెల్లదొరల కాలం నాటిది. ఎర్రగా, కురచగా, నేలకు అతుక్కుని ఉంటుంది. దాంట్లోకి ఎక్కడం అనే మాటే లేదు, బావిలోకి దిగినట్టు దిగాలి. ఇద్దరికే చోటు, నెత్తిన కప్పు లేదు. అప్పట్లో పందేలకు చేసిన బండి అని ప్రెసిడెంటు దాన్ని హైదరాబాదులో కొని, లారీ మీద ఎక్కించి తెచ్చాడు. పందెం సంగతి దేవుడెరుగు, కొత్తగూడెం రోడ్డెక్కిన మొదటిరోజే మిర్చి కూలీలతో కిక్కిరిసిన ఒక ఆటో దాన్ని దాటుకుని పోయింది. ఆటో వెనక వేలాడుతున్న ఆడకూలీలు వెనక్కి తిరిగి, పాపం ముసలి బండి అని జాలిపడి, చెయ్యి ఊపారు కూడా.

ఆ చెయ్యి ఊపడం ప్రెసిడెంటు గుండెలో గుచ్చుకుంది. వచ్చే ఆదివారం కొత్తగూడెం నుంచి భద్రాచలం వంతెన దాకా పాతకార్ల ఊరేగింపు. అందులో తన కారు అందరికంటే ముందుండాలి. అందుకని దానికి టర్బో పెట్టించాలనుకున్నాడు. టర్బో అంటే పెద్ద విద్యేం కాదు. పొగగొట్టంలోంచి ఊరికే పోయే ఊపిరి ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది. అది తిరిగి బయటి గాలిని లోపలికి కుక్కుతుంది. గాలి పెరిగితే మంట పెరుగుతుంది, మంట పెరిగితే పరుగు పెరుగుతుంది. అంతే.

ఆ పని తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే, తండా ధన్‌సింగ్. బోరు లారీలు, బొగ్గు టిప్పర్లు, ట్రాక్టర్లు, ఏది ఊపిరాడక ఆగినా తండా రోడ్డు పక్కన ఉన్న అతని రేకుల షెడ్డుకే వచ్చేవి. చర్ల అడవుల్లో బోర్లు వేసే లారీవాళ్ళు కూడా దారి మళ్ళించుకుని వచ్చి అతని చేతిలోనే ఇంజను పెట్టేవారు. చేతికి ఆ పేరు రావడానికి పాతికేళ్ళు పట్టింది.

"నా బండి మీ తండాకు తోలితే మేకలెక్కి తొక్కుతయ్ గానీ, నువ్వే మా ఇంటికి రా" అన్నాడు ప్రెసిడెంటు. ధన్‌సింగ్ బుధవారం పొద్దున పనిముట్ల పెట్టె మోపెడ్ మీద కట్టుకుని వెళ్ళాడు. ప్రెసిడెంటు ఇంటి వెనక కారు నిలిపే షెడ్డు, గచ్చు, మంచి వెలుతురు. టీ కూడా వచ్చింది. ఇంటివాళ్ళకు స్టీలు గ్లాసుల్లో, ధన్‌సింగ్‌కు కాయితం కప్పులో. తాగి, కప్పు నలిపి, దూరంగా ఉన్న చెత్తడబ్బాలో వేసి వచ్చాడు. ఆ ఇంట్లో అది చెప్పకుండానే తెలియాలి.

ధన్‌సింగ్ సంచీలోంచి తీసిన టర్బో కొబ్బరికాయంత ఉంది. చిన్న డీజిల్ కారుది.

"అరేయ్, గింత చిన్నదేందిరా? టిప్పర్ది పెట్టు. పెద్దది పెడితే పెద్ద దమ్ము గదా!"

"టిప్పర్ది పెడితె దాని చక్రం తిప్పేటందుకే ఈ ఇంజన్‌కు దమ్ము సాలదు సారూ. అది లేచి తిరిగేలోపల మనం భద్రాచలం దాటి చర్ల అడివిల ఉంటం."

"అమెరికావోడు ఫోన్ల సూపిచ్చిండు, ఇంత లావుంది ఆనిది."

"ఆయన ఇంజను గూడ అంత లావే ఉంటది సారూ."

ప్రెసిడెంటు ఫోను మళ్ళీ చూసుకున్నాడు. ఆ రెండు రోజులూ అతను చేసిన పని అదే. కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవడో తెల్లవాడు పని చేస్తుంటే చూసి, ఇక్కడ పని చేస్తున్నవాడికి తప్పులు చెప్పడం.

ధన్‌సింగ్ విన్నంత విని, పని చేసినంత చేశాడు. ఇరుసును రెండు వేళ్ళతో పట్టి కదిపి చూశాడు. పక్కలకు వెంట్రుకవాసి కదిలింది. అంత కదలాలి, నూనె నిండితే సర్దుకుంటుంది. ముందుకూ వెనక్కూ కదలలేదు. అది అసలు కదలకూడదు. ఇంజను తల విప్పాడు. గాలి ఎక్కువ కుక్కినప్పుడు లోపల ఇరుకై టకటక కొట్టుకోకుండా, తలకూ మొండేనికీ మధ్య మందపాటి రాగి రేకు వేయాలి. రేకు కత్తిరించి, ఇంటికి తీసుకుపోయి, పెళ్ళాం రూప్లి పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. ఇనుమును అట్లా ముంచితే గట్టిపడుతుంది. రాగి మెత్తబడుతుంది.

"జొన్నరొట్టె కాల్చే పొయ్యి ఇది. ఇయ్యాల కారు రొట్టె కాలుస్తున్నవా?" అంది రూప్లి.

"కాలనియ్యి. ప్రెసిడెంటు బండి మంచిగ పరిగెత్తిందనుకో, మన షెడ్డు ముంగట బండ్లకు జాగ సాలదు."

"పరిగెత్తకుంటె?"

ధన్‌సింగ్ పట్టకారుతో రేకు తిప్పాడు. "పరిగెత్తకుంటె, ఆయన ఒక్క మాటంటె ఉన్న బండ్లు గూడ పోతయ్."

ఆ మాట నిజం. సంఘంలో ప్రెసిడెంటు ఔనన్నవాడికి పని, కాదన్నవాడికి ఈగలు. ధన్‌సింగ్ ఆ కారు ఒప్పుకున్నది అందుకే.

గురువారం నూనె పైపులు వేశాడు. టర్బోకు నూనె పైనుంచి జోరుగా వస్తుంది, దిగడం మాత్రం వాలు ఉంటేనే దిగుతుంది. అందుకని దిగే పైపును లావుగా, వాలుగా వంచి బిగించాడు.

"వంకరగ కనపడుతుందిరా పైపు."

"వాలు సారూ."

"వంకర్నే వాలంటున్నవా?"

ధన్‌సింగ్ నట్టు మీద పానా పెట్టి పావు తిప్పు తిప్పాడు. అతని జవాబులు చాలావరకు పానాతోనే ఉండేవి.

ఇప్పుడు గుడ్డ సంగతి వినండి, ఇదే ముఖ్యం. టర్బో గాలి పీల్చే మూతి తెరిచి ఉంటుంది, అరచెయ్యంత. దాని మీద ఫిల్టరు డబ్బా బిగించేదాకా దుమ్ము పోకుండా ఏదో ఒకటి మూయాలి. వేరే మెకానిక్కులు కాయితం కుక్కుతారు, నూనెగుడ్డ దోపుతారు. దోపింది లోపలే మరిచిపోయి ఇంజన్లను చంపినవాళ్ళూ ఉన్నారు. ధన్‌సింగ్ అట్లా కాదు. రూప్లి తల్లి కట్టి కట్టి వదిలేసిన పేటియా ఒకటి ఉంది. పేటియా అంటే తండా ఆడవాళ్ళ కుచ్చుల లంగా. దాని అంచులోంచి కత్తిరించిన జానెడు పీలిక అది. ఎర్రదారం కుట్టు, నడుమ గుండ్రటి అద్దాలు. దాన్ని మూతికి పైనుంచి కప్పి తాడుతో ముడివేస్తాడు. వెలుతురు పడితే చాలు, తళుక్కుమంటుంది. మరిచిపోదామన్నా మరిచిపోనివ్వదు. కట్టినవాడే విప్పాలి, విప్పినవాడే డబ్బా బిగించాలి, ఆ తర్వాతే బండి స్టార్టు. ఇది అతని షెడ్డు చట్టం.

గురువారం సాయంత్రం పని అంతా అయింది. ఫిల్టరు డబ్బాకు పట్టీ ఒకటి చెయ్యాలి, అది ఇంట్లో చేసి పొద్దున తెస్తానన్నాడు. మూతికి గుడ్డ కట్టాడు.

"ఏందిరా ఈ తండా పేలిక నా బండికి?"

"రేపు నేనొచ్చి ఇప్పుత సారూ. అప్పటిదాంక స్టార్టు చెయ్యకుండ్రి. గుడ్డ గూడ తియ్యకుండ్రి."

"అవ్ అవ్, పో" అన్నాడు ప్రెసిడెంటు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

శుక్రవారం పొద్దున రూప్లి చెంబులో నిప్పులు పోసి అతని తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. పండక్కి కూడా అంత శ్రద్ధగా చేయదు. ప్రెసిడెంటు ఇంట్లో బండి పూజ, సంఘం వాళ్ళంతా వస్తారు, తన మనిషి చేతిపని అందరూ చూస్తారని ఆమె ఆశ. ధన్‌సింగ్ ఫిల్టరు డబ్బా సంచీలో పెట్టుకుని వెళ్ళేసరికి ఇంటి ముందు అప్పటికే అరడజను మోటారు సైకిళ్ళు. కారును ముందరి వాకిట్లోకి తోసి, బానెట్టు ఎత్తి, బంతిపూల దండలు వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు. ప్రెసిడెంటు తెల్లబట్టల మీద జరీ కండువా కప్పుకుని ఉన్నాడు. తన పెళ్ళినాడు కూడా అంత నిండుగా నవ్వాడో లేదో.

ధన్‌సింగ్ గేటు దాటి రెండడుగులు వేశాడు.

"ఆగాగు. నువ్వెందుకు లోపటికి? ఫోటోల పడుతవ్. ఆయిలు చొక్కా, నువ్వు..."

ధన్‌సింగ్ తన చొక్కా వంక చూసుకున్నాడు. ఇస్త్రీ మడత చేతుల మీద కత్తిలా ఉంది. మరక లేదు.

"డబ్బా పెట్టాలె సారూ. ఐదు నిమిషాల పని."

"పూజ అయినంక పిలుస్త. గేటు అవతల నిలబడు."

ప్రెసిడెంటు భార్య కళావతి హారతి పళ్ళెం పట్టుకుని, "పోనీయండి, ఆయనే చేసిన పని కదా" అంది మెల్లగా. ప్రెసిడెంటు ఆమె వైపు ఒక చూపు చూశాడు. ఆమె పళ్ళెంలో కర్పూరం సర్దుకుంది. ఆ ఇంట్లో ఆమె మాటకు కాయితం కప్పు విలువ.

ధన్‌సింగ్ గేటు బయటికి వచ్చి నిలబడ్డాడు. లోపలివాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడలేదు. గంట వినబడింది, కొబ్బరికాయ పగిలిన చప్పుడు వినబడింది, ఎవరో చప్పట్లు కొట్టారు. చేతిలో డబ్బాను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ ఉన్నాడు. ఎండ నెత్తికెక్కుతోంది.

అప్పుడు ఇంజను స్టార్టయిన చప్పుడు వినబడింది.

"సారూ! డబ్బా పెట్టలే!" అని అరిచాడు. ఎవరూ తిరిగి చూడలేదు. ఇంజను కూత పెరిగింది. దాని వెనకే సన్నటి ఈల లేచింది. టర్బో లేచిన ఈల అది. అంత గాభరాలోనూ ఆ ఈల విని ధన్‌సింగ్ పాణం ఒక్కసారి తేలికైంది. చక్కటి ఈల, వణుకు లేదు. అంతలోనే ఆ ఈల గొంతు ఎవరో నొక్కినట్టు తెగిపోయి, ఇనుపరేకు మీద గులకరాళ్ళు రుద్దినట్టు కరకరమంది. తర్వాత ఏమీ లేదు.

పరిగెత్తి లోపలికి వచ్చాడు. టర్బో మూతి తెరుచుకుని ఉంది. గుడ్డ లేదు.

"గుడ్డ ఎవలు తీసిండ్రు?"

"గుడ్డ సంగతి అడుగుతున్నవారా నువ్వు? నా బండి సంపి గుడ్డ సంగతి?" ప్రెసిడెంటు మొహం కారు కంటే ఎర్రబడింది. "తాకకు! తాకినవంటె మర్యాద దక్కదు! అరిగిపోయిన సామాను తెచ్చి నాకు అంటగట్టిండు వీడు."

"ఒక్కసారి ఇప్పి చూడనియ్యుండ్రి. ఏం జరిగిందో తెలుస్తది."

"తెలిసేదేముంది? నీ చెయ్యి జరిగింది."

ఎదురుగా ఫోనుతో వీడియో తీస్తున్న చుట్టాలబ్బాయి వైపు తిరిగి, వేలు చూపిస్తూ, ప్రెసిడెంటు అందరికీ వినబడేట్టు అన్నాడు: "చూడుండ్రి. ఇదీ ధన్‌సింగ్ చేతిపని. రేపటి సంది మీ బండ్లు ఈనికిచ్చేముందు ఆలోచించుకోండ్రి."

ఆ వీడియోను అట్లాగే, మొదలూ చివరా ఏమీ చూసుకోకుండా, మధ్యాహ్నం కాకముందే సంఘం గ్రూపులో పెట్టాడు. "ఆఖర్న చూడుండ్రి" అని కింద రాశాడు. అంత తొందర మనిషి అతను. కోపంలో కూడా తన గొంతు తనకు అంత ముద్దు.

శనివారం తెల్లారి ధన్‌సింగ్ షెడ్డులో రెండు టిప్పర్లు ఉన్నాయి. రెండింటి ఇంజన్లూ విప్పి ఉన్నాయి. పొద్దెక్కేసరికి వాటి మనుషులు వచ్చారు. "ఓనరు తెమ్మన్నడు" అని నేల చూస్తూ చెప్పి, విప్పిన ఇంజన్లను విప్పినట్టే తాళ్ళు కట్టి లాక్కుపోయారు. ఒకడు పిస్టన్లను గోనెసంచీలో వేసుకుపోయాడు, కూరగాయలు తీసుకుపోయినట్టు. వాటిని అట్లా ఒకదానికొకటి తగలనివ్వకూడదు, గీతలు పడతాయి. ఆ మాట చెప్పడానికి ధన్‌సింగ్ నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

తర్వాత ఖాళీ నేల మీద గొంతుక్కూర్చుని చేసిన పని మొత్తం మనసులో మళ్ళీ విప్పి మళ్ళీ బిగించాడు. నట్లన్నీ స్టీలు పళ్ళెంలో పోశాను, పళ్ళెం ఖాళీ అయింది, అంటే ఏదీ లోపల పడలేదు. నూనె ముందే పోసి చక్రాన్ని చేత్తో తిప్పాను, ఎండు మీద తిరగలేదు. ఇరుసు బాగుంది. ఈల కూడా బాగుంది. మరి? పాతికేళ్ళ చెయ్యి. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, పరాయి మనిషి చెయ్యిలాగా తిప్పి తిప్పి చూసుకున్నాడు.

రూప్లి జొన్నరొట్టె తెచ్చి పెట్టింది. ముట్టలేదు. శుక్రవారం రాత్రి కూడా ముట్టలేదు.

"మా యాడి పేటియా గుడ్డ ఏది?" అని అడిగింది. వాళ్ళ భాషలో యాడి అంటే అమ్మ.

"దొరకలే."

"దొరకలేదా! ఆళ్ళ కారు కాలిపోతె కాలిపోనీ. నా గుడ్డ వాళ్ళదగ్గర ఏం పని? అడిగినవా?"

"అడిగితె తిట్టిండు."

"నేను అడుగుత."

"కూసో" అన్నాడు. ఆమె కూర్చోలేదు, పోనూ లేదు. చీపురు తీసుకుని, ఎన్నడూ ఊడవనంత గట్టిగా షెడ్డు ఊడ్చింది.

ఆదివారం భద్రాచలం వైపు పాతకార్లు బారులుగా పోయాయట. ఎర్రకారు ప్రెసిడెంటు వాకిట్లో వాడిపోయిన బంతిదండలతో అట్లాగే పడి ఉంది. ఆ పొద్దే పగిడయ్య ధన్‌సింగ్ షెడ్డుకు వచ్చాడు. పగిడయ్యది ఒకే ఒక్క పాత లారీ, దానికి తనే ఓనరు, తనే డ్రైవరు. సంఘంలో వెనక బెంచీ మనిషి.

"తమ్మీ, నా లారీ పొగ తాగుతుంది, చూస్తవా?"

"గ్రూపుల చూడలేదా అన్నా? నా చేతికి బండ్లియ్యొద్దన్నరు."

"చూసిన. ఆయన ఆఖర్న చూడుమన్నడు. ఆయన సెప్పిన పని నేనెప్పుడు చేసిన? మొదటినుంచి చూసిన. కానీ నాకు మంచిగ సమజ్ కాలే. నువ్వు చూడు." ఫోను చేతికిచ్చాడు.

ధన్‌సింగ్ పట్టుకున్నాడు. రూప్లి భుజం మీదుగా వంగింది. తెర మీద కారు, దండలు, ప్రెసిడెంటు నవ్వు. ఫోటోకు కారు పక్కన నిలబడబోయి, టర్బో వైపు చూసి, ముక్కు చిట్లించాడు. వంగి తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చేతిలో ఏదో తళుక్కుమని, గోడ అవతలికి ఎగిరిపోయింది.

"అదే! అదే నా గుడ్డ!" రూప్లి తెర మీద వేలితో పొడిచింది. "గోడ మీదికెల్లి పారేసిండు! వాని చేతులు..."

"ఆగు" అన్నాడు ధన్‌సింగ్.

అతను చూస్తున్నది గుడ్డను కాదు. తర్వాత జరిగిందాన్ని. కళావతి పళ్ళెంలోంచి ఒక పొట్లం అందించింది. నవమినాడు భద్రాచలం నుంచి తెచ్చిన తలంబ్రాలు. పసుపు కలిపిన బియ్యం, అందులో ముత్యాలు. ఆమె బానెట్టు మీద చల్లమన్నట్టు చెయ్యి చూపింది. ప్రెసిడెంటు అట్లా చల్లితే ప్రెసిడెంటు ఎట్లా అవుతాడు? గుప్పిలి నిండా తీసుకుని, కొత్త సామాను మీద పడాలని, ఇంజను మీద ధారగా పోశాడు. ఆకాశం వైపు తెరుచుకున్న మూతిలోకి పచ్చటి గింజలు చక్కగా దిగిపోయాయి. తర్వాత ఆయనే కారులోకి దిగి, స్టార్టు చేసి, కాలితో అదిమాడు.

ఈల. కరకర.

ధన్‌సింగ్ వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ చక్రం నిమిషానికి లక్షసార్లు తిరుగుతుంది. దాని రెక్కలు తమలపాకంత పల్చన. బియ్యపు గింజ తగిలితే చాలు. ముత్యం తగిలితే చెప్పనే అక్కర్లేదు. తలంబ్రాల తప్పేం లేదు, నెత్తిన వేసుకోవలసినవి గొంతులో పోస్తే ఎవరి బతుకైనా అంతే.

ఫోను పగిడయ్యకు ఇచ్చేశాడు. లేచి, డ్రమ్ములో నీళ్ళు ముంచి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. తొందరేం లేదు. వేలు వేలూ కడుక్కున్నాడు.

"ఇగ బువ్వ పెట్టు" అన్నాడు రూప్లితో.

పగిడయ్య తొడ చరిచాడు. "గ్రూపుల రాసేదా తమ్మీ? ఆయన ఇజ్జత్ మొత్తం తీస్త!"

"ఉన్నది గదా అన్నా గ్రూపుల. ఆయనే పెట్టిండు. మొదటినుంచి చూడుమని చెప్పు, సాలు."

సాయంత్రానికి సంఘం అంతా మొదటినుంచి చూసింది. సోమవారానికి కొత్తగూడెం టీకొట్ల దాకా పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి ఏముంది? ప్రెసిడెంటు ఎదురైనప్పుడు అందరూ నమస్తే పెట్టి, పెదాలు బిగబట్టి, పక్కకు తిరిగి పోయేవారు. పక్కకు తిరిగాక భుజాలు కదిలేవి.

సోమవారం మధ్యాహ్నం ట్రాక్టరు వెనక తాడుతో ఎర్రకారు తండా రోడ్డు మీద వచ్చింది. మేకలు పక్కకు తొలిగి చూశాయి. ఎక్కడానికి అవి కూడా ఇష్టపడలేదు. షెడ్డులో అప్పటికే గోనెసంచీ పిస్టన్ల టిప్పరు వెనక్కి వచ్చి ఉంది. పగిడయ్య లారీ ఉంది. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు ఉన్నారు. ప్రెసిడెంటు కారులోంచి పైకెక్కి, బట్టలు దులుపుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ధన్‌సింగ్ గారూ" అన్నాడు.

షెడ్డులో స్పానరు ఒకటి కింద పడింది. ఎవరి చేతిలోంచో తెలియదు.

"అదే... సామాన్ల ఏదో లోపం ఉండొచ్చు గదా. కంపెనీ లోపం. నీ తప్పు గాదు, నా తప్పు గాదు. నువ్వొక్క మాట అట్ల చెప్పు. గ్రూపుల నేను గూడ అట్లనే చెప్త."

ధన్‌సింగ్ పానా తీసుకుని, ఆ ఎండలోనే, డ్రైవర్లందరి ముందూ మూతి బోల్టులు ఒక్కొక్కటి విప్పాడు. లోపలి భాగం తీసి తిప్పి పట్టుకున్నాడు. చక్రం రెక్కలు ఎలుక కొరికిన ఆకుల్లా ఉన్నాయి. గోడల నిండా పసుపు పిండి అంటుకుని ఉంది. ఒక మూల గాడిలో ముత్యం ఇరుక్కుని మెరుస్తోంది. సన్నటి కమ్మీతో దాన్ని బయటికి లాగి, చొక్కా అంచుకు తుడిచి, ప్రెసిడెంటు అరచేతిలో పెట్టాడు.

"సామివారిది. దాచిపెట్టుకోండ్రి సారూ."

అంతే అన్నాడు. ప్రెసిడెంటు చెయ్యి ముయ్యలేదు, తెరిచి పట్టుకోనూ లేదు. డ్రైవర్లు బూట్లు చూసుకున్నారు.

"మరి... బాగు చేస్తవా?"

"చేస్త. ఇంకో చక్రం ఉంది నా తాన. పొగ తాగే లారీ ముంగట ఉంది, టిప్పరు ఉంది, తర్వాత మీది. కానీ ఇప్పిన మూతికి కట్టేటందుకు నాకు గుడ్డ కావాలె."

"గుడ్డనా? కొత్తది తెప్పిస్త. మీటరు తెప్పిస్త, మంచి గుడ్డ."

లోపలినుంచి రూప్లి గొంతు వచ్చింది. "కొత్తది మాకొద్దు సారూ. మీరు గోడ మీదికెల్లి పారేసిన్రు చూడు, అదే తెండ్రి."

ప్రెసిడెంటు ఇంటి గోడ అవతల ఏముందో జూలూరుపాడులో అందరికీ తెలుసు. సర్కారుతుమ్మ కంప, మనిషి ఎత్తు. మంగళవారం తెల్లారి అతను డ్రైవరును పంపబోయాడట. "నేనైతే గుర్తుపట్టలేను సార్, ఎట్లుంటదో" అన్నాడట డ్రైవరు. ఆ ఇంట్లో ఆ గుడ్డను తన చేత్తో పట్టుకున్నవాడు ప్రెసిడెంటు ఒక్కడే. చివరికి కళావతి మేడ మీద నిలబడి, "కుడివైపు, ఇంకాస్త లోపలికి, అదుగో మెరుస్తోంది" అని చెబుతుంటే, ప్రెసిడెంటే కంపలోకి దూరాడు. ఆమె గొంతు అంత గట్టిగా ఆ వీధిలో అంతకు ముందు ఎవరూ వినలేదు. ఒకటికి నాలుగుసార్లు "ఇంకాస్త లోపలికి" అందట. అంత లోపలికి పోవాల్సిన అవసరం ఉందో లేదో ఆమెకే తెలియాలి.

అటునుంచి అటే షెడ్డుకు తెచ్చాడు. చేతుల నిండా గీతలు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. గుడ్డ మట్టికొట్టుకుపోయి ఉంది. రూప్లి తీసుకుని రెండువైపులా తిప్పి చూసింది. అద్దాలు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. అన్నీ ఉన్నాయి. కృతజ్ఞతలూ చెప్పలేదు, తిట్లూ తిట్టలేదు. కుంకుడు నురుగులో ముంచి, పిసికి, మూడు నీళ్ళలో జాడించి, షెడ్డు ముందు తీగ మీద ఆరేసింది.

ధన్‌సింగ్ అప్పటికి పగిడయ్య లారీ ముగించాడు. రాత్రంతా మేలుకుని టిప్పరు కూడా ముగించాడు. ఎర్రకారు దగ్గరికి వచ్చి, బానెట్టు ఎత్తి, దించాడు.

"షురూ చెయ్యి మరి" అన్నాడు ప్రెసిడెంటు.

"గుడ్డ ఆరనియ్యుండ్రి సారూ. తడిగుడ్డ కట్టొద్దు."

ఆరోజు మబ్బు. ఎండ రావడం, పోవడం. రూప్లి ఒక స్టీలు గ్లాసు నిండా టీ తెచ్చి ప్రెసిడెంటు చేతికిచ్చింది. కాయితం కప్పులు ఆ ఇంట్లో ఉండవు. ప్రెసిడెంటు గ్లాసును చూశాడు. తన చొక్కా చిరుగును చూసుకున్నాడు. కూర్చోవడానికి కుర్చీ కోసం వెతికాడు. లేదు. ఒక పాత టిప్పరు టైరు బోర్లా పడి ఉంది. దాని మీద చతికిలబడి, రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, తీగ మీద ఆరుతున్న జానెడు గుడ్డ వంక చూస్తూ కూర్చున్నాడు. గాలికి గుడ్డ ఊగినప్పుడల్లా అద్దాల వెలుతురు చుక్కలు చుక్కలుగా వచ్చి ఆ తెల్లబట్టల మీద పడి పోతున్నాయి. రోడ్డు మీద పోతున్న ఆటో ఒకటి వేగం తగ్గించింది. అందులోని మిర్చి కూలీలు చూసి, ఎవరో పాపం అలిసిపోయిన మనిషి అనుకుని, చెయ్యి ఊపారు.

ఇది విన్నారు కదా. రేపు మీ ఇంట్లో ఎవరైనా ఎదుటివాడి చొక్కా చూసి గేటు అవతల నిలబెడితే, పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుని ఇది చెప్పండి. కారు రంగు మరిచిపోయినా ఫర్వాలేదు, టర్బో పేరు పలకడం రాకపోయినా ఫర్వాలేదు. ఆ చొక్కా మీద మరక లేదన్న సంగతి, ఆ గుడ్డ ఆరేదాకా ఆ మనిషి కూర్చున్న సంగతి మాత్రం వదలకుండా చెప్పండి. ఏదీ, ఇప్పుడు నాకే ఒకసారి తిరిగి చెప్పండి, విందాం.